గులాబి పుష్పము: సంకేతార్థవిచారము

పుష్పములకు సంకేతార్థములఁ గల్పించుట సర్వజాతులయందును గానవచ్చుచున్న యాచారము. మన కవులకుఁ బద్మ మెట్టిదో, పారసీకులకును ఐరోపీయులకును గులాబి యట్టిది. నేఁడా పుష్పము మన పెండ్లిపందిళ్లలోను, సభావేదికలమీఁదను, చలనచిత్రముల పేళ్లలోను, ప్రేమికుల చేతులలోను సుప్రతిష్ఠితమై యున్నది. ఎఱ్ఱని గులాబి యనఁగా ననురాగ మనియు, తెల్లనిది యనఁగా శాంతి యనియు, పసుపుపచ్చనిది యనఁగా స్నేహ మనియు లోకము చెప్పుకొనుచున్నది. ఈ యర్థములు పుష్పముతోడనే పుట్టినవా? లేక మనుష్యులు కల్పించినవా? కల్పించినచో నెవ్వరు, ఎప్పుడు, ఏ ప్రయోజనముకొఱకుఁ గల్పించిరి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారణము కేవల వినోదార్థము కాదు. సంకేతముయొక్క పుట్టుక నెఱుఁగని పాఠకుఁడు పూర్వగ్రంథములందు లేని యర్థములను జదువును. చరిత్రమునందు జరుగని దానిని జరిగినట్లు నమ్మును. గులాబి విషయమున నిట్టి భ్రాంతులు పెక్కు వ్యాపించియున్నవి. వానిని దొలఁగించినప్పుడే యా పుష్పమునకు నిజముగా విలువ నిచ్చినవా రెవ్వరో తెలియఁగలదు.

1. నామవిచారము

గులాబి యను శబ్దము పారసీకభాషనుండి వచ్చినది. ఆ భాషలో 'గుల్' అనఁగాఁ బువ్వు. విశేషించి యీ పువ్వే. 'ఆబ్' అనఁగా నీరు. కావున 'గులాబ్' అనునది మొదటఁ బువ్వు పేరు కాదు, పూనీటి పేరు. హిందూస్థానీ మున్నగు భాషలలోఁ బూనీటి పేరు పూవునకే సంక్రమించినది. ఆ మాటయే తెలుఁగున గులాబి యైనది. ఇదే శబ్దము అరబ్బుల నోట 'జులాబ్' అయి, వైద్యులు పూనీటితోఁ గలిపి యిచ్చు పానకమునకుఁ బేరై, తుదకు మన యిండ్లలో విరేచనౌషధమునకు 'జులాబు' అను పేరుగా నిలిచినది. ఒక్క శబ్దమే యొకచోటఁ బుష్పరాజమును, మఱియొకచోట విరేచనౌషధమును దెలుపుట భాషాచరిత్రమునందలి వింతలలో నొకటి.

తెలుఁగువారు వాడు రెండవ పేరు 'రోజా'. ఇది ఐరోపా భాషలయందలి 'రోసా' శబ్దమునుండి వచ్చినది. ఒక పేరు భూమార్గమునఁ బారసీకమునుండియు, ఒక పేరు సముద్రమార్గమున నైరోపానుండియు మనకుఁ జేరినవి. ఈ రెండు త్రోవలే యీ పుష్పముయొక్క సంకేతార్థములు మనలను జేరిన త్రోవలు గూడ నని ముందు చూపఁబోవుచున్నాము.

ఐనను ఈ రెండు పేరులకంటెఁ బూర్వమే యీ పుష్పముయొక్క సుగంధము మనవారికిఁ బరిచితమై యుండెను. 'పన్నీరు' దేశ్యపదము. తమిళమున 'పని' యనఁగా మంచు, చల్లఁదనము. 'పనినీర్' అనునదియే 'పన్నీర్' ఐనది. దీనినే సంస్కృతీకరించి మన కవులు 'హిమాంబువు' అనిరి. శ్రీనాథుఁడు హరవిలాసమున అవచి తిప్పయసెట్టి వర్తకమును వర్ణించుచు, చందనము, కర్పూరము, కుంకుమము, కస్తూరి మున్నగు సుగంధద్రవ్యములతోఁ గూడ హిమాంబువునుఁ బేర్కొనియెను. మఱియు 'గొజ్జఁగి' యను పువ్వు పేరును, 'గొజ్జఁగినీరు' అను మాటయుఁ బ్రబంధములయందుఁ గలవు. గొజ్జఁగినీరనఁగాఁ బన్నీరని నిఘంటుకారులు చెప్పిరి.

సంస్కృతవైద్యనిఘంటువులలో, 16వ శతాబ్దమునాఁటి భావప్రకాశమునందు, ఈ పుష్పమునకు శతపత్రి, తరుణి, కర్ణిక మున్నగు పేరులు గలవు. కాని కావ్యములందు 'శతపత్రము' అనఁగాఁ బద్మమే. ఈ భేదమును గమనింపక శతపత్ర శబ్దము కనఁబడిన ప్రతిచోటను గులాబి నూహించుట పొరపాటు. మన కవిసమయములలోఁ బద్మము సూర్యునికై వికసించును. కలువ చంద్రునికై వికసించును. అశోకము స్త్రీపాదతాడనమునఁ బూచును. గులాబి కట్టి సమయ మొక్కటియు లేదు. అది మన సాహిత్యమునకు గంధముగా వచ్చినది కాని సంకేతముగా రాలేదు.

2. విజయనగరమునందలి పుష్పము

1443వ సంవత్సరమున హిరాతు ప్రభువైన షారూఖు పంపఁగా అబ్దుర్ రజాకను రాయబారి విజయనగరమునకు వచ్చెను. అప్పుడు రెండవ దేవరాయలు రాజ్యము చేయుచుండెను. ఆ రాయబారి తన వృత్తాంతమునందు, ఆ నగరమున నెల్లయెడల గులాబిపువ్వు లమ్ముచుందు రనియు, అచ్చటి జనులు గులాబులు లేక బ్రదుకలేరనియు, వారికవి యన్నమువలె నావశ్యకము లనియు వ్రాసియున్నాఁడు. గులాబితోఁటలకుఁ బేరుపొందిన దేశమునుండి వచ్చినవాఁడే యిట్లాశ్చర్యపడి వ్రాయుటవలన నీ సాక్ష్యమునకు బలము హెచ్చుచున్నది.

ఇచట నొక సూక్ష్మము కలదు. అన్నమువలె నావశ్యకమైన వస్తువు సంకేతము కానేరదు. విజయనగరపౌరుఁడు గులాబిని ముడుచుకొనెను, మూర్కొనెను, దేవునకు సమర్పించెను. దానిని జూపి మఱియొక యర్థమును జెప్పుటకు బూనలేదు. భోగ్యవస్తువు వేఱు, సంకేతము వేఱు. భోగ్యవస్తువు తన్నుఁ దానే యిచ్చును. సంకేతము తనకంటె నన్యమైన దానిని దెలుపును. తెలుఁగుదేశమున గులాబి చిరకాలము భోగ్యవస్తువుగనే యుండెను. పెండ్లిండ్లలోఁ బన్నీటిబుడ్లతోఁ బెద్దలమీఁదఁ జల్లుట, దర్గాలలో సమాధులపైఁ బూలచాదరులు గప్పుట, గుల్కందును వైద్యమునకు వాడుట, ఇవి యన్నియు నా భోగసంప్రదాయమున నంతర్భాగములే. ఈ యాచారములలోఁ గొన్ని హిందువులకును మహమ్మదీయులకును సాధారణములై యుండుట గమనింపఁదగినది. హైదరాబాదు నగరమున చార్మినారు చెంత గుల్జార్ హౌజు కలదు. 'గుల్జార్' అనఁగాఁ బూలతోఁట.

పేళ్లలోఁ బువ్వును వెదకు నుత్సాహ మొక్కొక్కప్పుడు త్రోవ తప్పించును. పూర్వము హైదరాబాదు సంస్థానమునఁ జేరియుండిన గుల్బర్గా నగరము పేరు పారసీకపదముల కలయిక యనియు, దానియందుఁ బువ్వు కలదనియుఁ బలువురు చెప్పుచుండిరి. కాని దాని ప్రాచీననామము కలబురగి. అది కన్నడపదము. పారసీకభాష నెఱిఁగిన ప్రభువులు వచ్చినపిదప నా పేరు వారి చెవికిఁ బువ్వువలె వినఁబడినది. 2014లోఁ గర్ణాటక ప్రభుత్వము మఱల కలబురగి యను పేరునే స్థిరపఱచినది. పుష్పము చరిత్రమునఁ దరువాతఁ జొచ్చుట కిది చిన్న నిదర్శనము. పెద్దవి ముందు రాఁగలవు.

3. పారసీకసంప్రదాయము

గులాబిని సంకేతముగఁ బరిపూర్ణముగాఁ దీర్చినవారు పారసీకకవులు. వారి కావ్యములందు బుల్బుల్ పిట్ట ప్రేమికుఁడు, గులాబి ప్రియురాలు. పిట్ట రాత్రియంతయు విలపించును. పువ్వు నవ్వుచు విచ్చును. ముల్లు నడుమ నిలుచును. ఈ కల్పన కేవలశృంగారము కాదు. నిషాపూరువాఁడైన అత్తారు తన పక్షిసమాజకావ్యమునందు, పరమసత్యమును వెదకు యాత్రకు బుల్బుల్ పిట్ట రానన్నట్లును, గులాబిపైఁ దనకుఁ గల ప్రేమయే తనకుఁ జాలునని చెప్పినట్లును, నాయకస్థానముననున్న హుద్‌హుద్ పక్షి యా పూవు నవ్వు క్షణికమని మందలించినట్లును వర్ణించెను. అనఁగా గులాబి యిచట ప్రేమకును, ఆ ప్రేమను బంధించు మాయకును గూడ గుఱుతు.

సాదీకవి 1258లో 'గులిస్తాన్' అను గ్రంథమును రచించెను. ఆ పేరునకు గులాబితోఁట యని యర్థము. పీఠికయందు, మిత్రుఁ డొకఁడు తోఁటలో నొడినిండఁ బూలు కోసికొనఁగాఁ జూచి, ఆ పూలు కొలఁదిదినములే నిలుచు ననియు, తాను వ్రాయఁబోవు తోఁట వాడనిదనియుఁ జెప్పి కవి గ్రంథమున కుపక్రమించును. ఈ మాట గర్వోక్తివలెఁ దోఁచవచ్చును. కాని యా సంవత్సరమును స్మరింపవలయును. 1258వ సంవత్సరముననే మంగోలులు బాగ్దాదును నేలమట్టము చేసి ఖలీఫాను జంపిరి. సాదీ యా నగరపతనమునకు విలాపగీతమును వ్రాసెను. తన కాలపు మహానగర మట్లు రాలిపోయిన యేఁటనే యతఁడు వాడని తోఁటను నాటెను. ఆ పేరు వెనుక నెంత దుఃఖ మణఁగియున్నదో గ్రహింపక చదివినచో నది యలంకారముగ మాత్రమే కనఁబడును.

ఈ సంప్రదాయము మొగలు ప్రభువులతో నీ దేశమునకు వచ్చినది. బాబరు కూఁతుండ్రలో మువ్వురకు గుల్‌రంగు, గుల్‌చెహ్రా, గుల్‌బదను అని పేరులు. పూరంగు, పూమొగము, పూమేను అని వరుసగ వాని యర్థము. వీరిలోఁ జివరిదైన గుల్‌బదను బేగము హుమాయూన్‌నామాను రచించి చరిత్రకారిణి యైనది.

గులాబి యత్తరును నూర్జహాను కనిపెట్టెనని లోకమున వాడుక. ఇదియుఁ దరువాతి కల్పనయే. జహంగీరు తన స్వీయచరిత్రమున ఈ విషయమును స్పష్టముగఁ జెప్పియున్నాఁడు. నూర్జహాను తల్లి పన్నీరు కాఁచుచుండఁగా, వేఁడిపన్నీటిపైఁ దేలిన మీఁగడవంటి తెట్టును గొంచెము కొంచెముగఁ దీసి కూడఁబెట్టినదట. ఒక్క చుక్క యరచేత రాచినచో సభ యంతయు నొక్కమాఱుగా గులాబులు విచ్చినట్లు పరిమళించెనట. చక్రవర్తి సంతసించి యామెకు ముత్యాలహారము నిచ్చెను. సలీమాసుల్తాను బేగము దానికి 'అత్తరె జహంగీరీ' యని పేరిడెను. కనిపెట్టినది తల్లి, కీర్తి గొన్నది కూఁతురు, పేరు పొందినది యల్లుఁడు. ఒక కిలో గులాబినూనెకు సుమారు 3,000 మొదలు 5,000 కిలోల పూరేకులు గావలయును. కీర్తియు నిట్లే పలువుర శ్రమను మరుగించి యొక్కరి పేరున బుడ్డిలోఁ బోయఁబడుచుండును.

తెలుఁగుకవిత్వమున గులాబి సంకేతముగఁ దలయెత్తినది 20వ శతాబ్దముననే యని చెప్పవచ్చును. దువ్వూరి రామిరెడ్డిగారు పారసీకము నభ్యసించి ఉమరు ఖయ్యాము పద్యములను 'పానశాల'గాఁ దెలిఁగించినపుడు, బుల్బుల్ పిట్టయు గులాబియు మధుపాత్రయుఁ దెనుఁగుపద్యమునఁ జేరినవి. భావకవులకు నాంగ్లకవితాపరిచయమువలన రెండవ త్రోవయుఁ దెఱవఁబడినది.

4. పశ్చిమదేశములు: చరిత్రముపైఁ బూసిన రంగు

గ్రీకుల పురాణములలో గులాబి ప్రేమదేవతయైన అఫ్రొదితెకుఁ బ్రియము. రోమనులు సమాధులపై గులాబులుంచు 'రోసాలియా' పండుగను జేసికొనెడివారు. క్రైస్తవు లీ పుష్పమును మరియమాతకు సమర్పించి, జపమాలకు 'రోజరీ' యని, అనఁగా గులాబితోఁట యని, పేరిడిరి. 'గులాబి క్రిందఁ జెప్పిన మాట' యనఁగా రహస్య మని లాటిను వాడుక. ఇట్లొక్క పువ్వే కామమునకును, వైరాగ్యమునకును, మరణమునకును, రహస్యమునకును గుఱుతైనది. ఇంతమాత్రముననే దాని యర్థము స్వాభావికము కాదని తేలుచున్నది.

ఇఁక చరిత్రమును జూతము. క్రీ. శ. 218 మొదలు 222 వఱకు నేలిన హెలియోగాబలసను రోమను చక్రవర్తి తన యతిథులను గులాబిరేకులలో ముంచి యూపిరాడకుండఁ జంపెనని పలువురు నమ్ముచున్నారు. ఈ కథకు మూలమైన ప్రాచీన లాటిను గ్రంథమునఁ జెప్పఁబడినవి వయొలెట్టులును నితరపుష్పములును గాని గులాబులు గావు. ఆ గ్రంథమే విశ్వాసయోగ్యము కాదని చరిత్రకారుల మతము. 1888లో అల్మా-తాదేమా యను చిత్రకారుఁడు ఆ దృశ్యమును గులాబిరేకులతోఁ జిత్రించెను. నాఁటినుండి లోకమునకా రేకులే చరిత్రమైనవి.

ఇంతకంటెఁ బెద్ద యుదాహరణము ఇంగ్లండు చరిత్రమునఁ గలదు. 1455 మొదలు 1487 వఱకు యార్కు, లాంకాస్టరు వంశములవారికి జరిగిన సింహాసనకలహములకు 'గులాబుల యుద్ధములు' అని పేరు. తెల్లగులాబి యార్కువారి చిహ్నములలో నొకటియైన మాట నిజము. కాని యెఱ్ఱగులాబిని లాంకాస్టరువా రా యుద్ధములలో ధ్వజముగ వాడినది మిక్కిలి యల్పము. 1485లో బాస్వర్తు రణమున మూడవ రిచర్డు చిహ్నము తెల్లని యడవిపంది; అతని నోడించిన హెన్రీ ట్యూడరు ధ్వజమున నున్నది యెఱ్ఱని డ్రాగను. జయించి యేడవ హెన్రీయైన యతఁడు 1486లో యార్కువంశపు టెలిజబెత్తును బెండ్లాడి, ఎఱుపు తెలుపుల రెంటిని గలిపి ట్యూడరు గులాబిని గల్పించెను. రెండు పూలు కలిసినవని చూపవలయునన్నచో, అంతకుముందు రెండు పూలు పోరాడినవని చెప్పవలయును గదా! పిదప షేక్స్పియరు తన 'ఆఱవ హెన్రీ' నాటకమున ప్రభువు లొకతోఁటలో నెఱ్ఱనివియుఁ దెల్లనివియునగు గులాబులఁ గోసికొని పక్షములు వహించినట్లు దృశ్యమును గల్పించెను. ఆ పేరును జనసామాన్యమున వ్యాపింపఁజేసినది 1829లో వెలువడిన వాల్టరు స్కాటు నవల. విజేత రాజనీతికొఱకుఁ గల్పించిన చిహ్నమును నాటకకర్త రసవంతము చేసెను, నవలాకారుఁడు పేరుపెట్టెను, పాఠ్యపుస్తకములు స్థిరపఱచెను.

కార్మికోద్యమమున 'రొట్టెయుఁ గావలయును, గులాబులుఁ గావలయును' అను నినాదము ప్రసిద్ధము. కడుపునకుఁ గూడు మాత్రమే చాలదనియు, బ్రదుకున సొగసుగూడఁ గావలయుననియు దాని భావము. 1912లో అమెరికాయందలి లారెన్సు పట్టణమున నేఁతమిల్లుల స్త్రీలు చేసిన సమ్మెలో నిది పుట్టెనని చెప్పుదురు. కాని యీ పేరుగల ఓపెన్హైము పద్యము 1911 డిసెంబరుననే, సమ్మెకుఁ బూర్వమే, అచ్చయినది. సమ్మెతో దాని సంబంధము తరువాతిది. ఐనను ఇచట నొక విశేషము కలదు. రాజు తన సింహాసనమునకై కల్పించిన గులాబికిని, కూలిస్త్రీల కష్టమునకు లోకము జతపఱచిన గులాబికిని భేదమున్నది. మొదటిది జయమును గప్పిపుచ్చినది. రెండవది కష్టమును వెల్లడించినది.

5. చలనచిత్రములందు

చలనచిత్రము దృశ్యప్రధానమగుటచే సంకేతముల కది యనువైన క్షేత్రము. 'సుందరియు మృగమును' అను ఫ్రెంచికథను 1740లో విల్నూవు అనునామె విపులముగ వ్రాయఁగా, 1756లో బోమోనను నామె సంగ్రహించెను. ఆ కథయందు కూఁతురు తండ్రిని గోరిన కానుక యొక్క గులాబి మాత్రమే. తండ్రి దానిని మృగముయొక్క తోఁటలోఁ గోయుటయే యనర్థమునకు మూలము. 1946లో కాక్తో తీసిన చిత్రమునందును ఈ యర్థమే నిలిచినది. 1991లో డిస్నీ సంస్థవారు తీసిన చిత్రమున మాత్రము గులాబి గాజుబుడ్డి క్రింద నుండి యొక్కొక్కరేకుగా రాలుచుఁ గాలమును గొలుచును. తుదిరేకు రాలులోపల ప్రేమ లభింపవలయును. కానుక గడియారమైనది. వెండితెర కొక్క పుష్పముయొక్క యర్థమును మార్చు శక్తి యున్నదనుట కింతకంటె నిదర్శనము వలదు.

1941లో ఆర్సన్ వెల్సు తీసిన 'సిటిజను కేను' చిత్రమున ధనికుఁడగు నాయకుఁడు చనిపోవుచుఁ బలికిన తుదిమాట 'గులాబిమొగ్గ' యను నర్థమిచ్చు 'రోజ్‌బడ్'. ఆ మాట యర్థమును వెదకుటయే కథ. తుద కది చిన్ననాఁడతఁడు మంచుపై జాఱుచు నాడుకొనిన కొయ్యబండి పేరని ప్రేక్షకునకు మాత్రము తెలియును. అప్పటికే దానిని మంటలోఁ బడవేసియుందురు. ఇచటఁ బువ్వే లేదు. పేరు మాత్రమే కలదు. ఐనను విచ్చకుండఁగనే పోయిన బాల్యమునకు మొగ్గకంటెఁ దగిన పేరు దొరకదు.

మనదేశపుఁ జిత్రములలో 1960లో వెలువడిన కె. ఆసిఫుగారి 'మొగలె ఆజం' నందలి యొక సన్నివేశ మీ విచారమున కత్యంతముఖ్యము. అనార్కలికిని బహారునకును ఖవ్వాలీపాటలో స్పర్ధ జరుగును. తీర్పరి రాకుమారుఁడగు సలీము. అతఁడు పువ్వును బహారున కిచ్చి, ముండ్లను అనార్కలి కిచ్చును. ముండ్లకు వాడిపోవుదుమను భయము లేదని యామె సమాధానము. పారసీకసంప్రదాయమున ముల్లు ప్రేమకు విఘ్నము. ఇచట ముల్లే ప్రేమకు బహుమానమైనది. తరువాతి కథలో దాసికన్య రాజశాసనము నెదిరించి శిక్షకు సిద్ధపడుటను జూచినపుడు, ఆ సమాధానము చమత్కారము కాదని తెలియును. ఆమె పలికిన మాటకు బ్రదుకుతో వెల చెల్లించినది.

తెలుఁగువారి కెఱుకపడిన రెండు చిత్రములు రెండు పేరులతోను వెలసినవి. మణిరత్నముగారి 'రోజా' 1992లోఁ దమిళమున వచ్చి తెలుఁగునను బ్రసిద్ధమైనది. అందు రోజా యనునది పల్లెటూరి పిల్ల పేరు. కాశ్మీరమున నపహృతుఁడైన భర్త విడుదలకై యామె యొంటరిగాఁ బోరాడును. 1995లో కృష్ణవంశిగారు 'గులాబి'ని దీసిరి. ప్రేమకథగ మొదలైన యా చిత్రము ఆఁడుపిల్లలను విదేశములకు విక్రయించు దుర్మార్గమును జూపును. పేరు సుకుమారము, విషయము కఠోరము. కోసి యమ్మఁబడు పువ్వు, కొని తేఁబడు స్త్రీ, ఈ పోలిక మన ప్రేక్షకులకుఁ జెప్పక తెలిసినది. పూలు కోయువాని క్రౌర్యమును బూలచేతనే యడిగించిన కరుణశ్రీగారి 'పుష్పవిలాపము' ఘంటసాలగారి గళమున నింటింట విన్న జాతికా పోలిక క్రొత్త కాదు.

6. శ్వేతగులాబి

ఇంతవఱకుఁ జెప్పినవానిలోఁ బెక్కింటియందు సంఘటనము ముందు, సంకేతము వెనుక. ఇఁక సంకేతమును ముందు ధరించి, దాని యర్థమును దమ ప్రాణములతో వ్రాసినవారి కథను జెప్పవలసియున్నది.

1942వ సంవత్సరము జూను జూలై నెలలలో జర్మనీయందలి మ్యూనికు నగరమున 'శ్వేతగులాబి కరపత్రములు' అను శీర్షికతో నాలుగు పత్రములు రహస్యముగఁ దపాలా మార్గమునఁ బంపఁబడెను. హిట్లరు ప్రభుత్వమును నిందించి, యూదుల వధను వెల్లడించి, జనులను నిరాకరణమునకుఁ బిలిచిన పత్రము లవి. వ్రాసినవారు హాన్సు షోలు, అలెగ్జాండరు ష్మోరెలు అను వైద్యవిద్యార్థులు. హాన్సు చెల్లెలు సోఫీ, క్రిస్టోఫు ప్రోబ్స్టు, విల్లీ గ్రాఫు, ఆచార్యుఁడగు కుర్టు హూబరు వారితోఁ జేరిరి. 1943 జనవరిలో నైదవదియు, స్టాలిన్గ్రాడు పరాజయమునకుఁ బిదప ఫిబ్రవరిలో నాఱవదియు వెలువడెను. ఫిబ్రవరి 18వ తేదిని హాన్సును సోఫీయు విశ్వవిద్యాలయభవనమునఁ బత్రములను వెదఁజల్లుచుండఁగా సేవకుఁ డొకఁడు చూచి పట్టియిచ్చెను. 22వ తేదిని న్యాయాధిపతి ఫ్రైస్లరు ఎదుట విచారణము జరిగెను. ఆనాఁడే హాన్సు, సోఫీ, ప్రోబ్స్టు మువ్వురకును శిరచ్ఛేదము చేయఁబడెను. సోఫీకి 21 ఏండ్లు; హాన్సునకు 24; ముగ్గురు బిడ్డల తండ్రియైన ప్రోబ్స్టునకు 23. జూలై 13న ష్మోరెలును హూబరును, అక్టోబరు 12న గ్రాఫును అదే గతి నందిరి.

ఈ పేరెట్లు వచ్చినదని యధికారు లడుగఁగా, తాను దానిని యాదృచ్ఛికముగ నెన్నుకొంటి ననియు, అంతకుముందు చదివిన బ్రెంటానోకవి కావ్యము మనసున నుండవచ్చు ననియు హాన్సు చెప్పెను. ఈ సమాధానము మన విచారణమునకుఁ గీలకము. పేరునందు ముందుగ నే నిగూఢార్థమును లేదు. తెలుపు నిష్కళంకత యనియు, గులాబి త్యాగమనియు వారు వివరింపలేదు. ఆ యాఱుగురు చేసిన పనియే యా పేరున కర్థమైనది. ఆఱవ పత్రము దేశము దాఁటి బ్రిటనునకుఁ జేరఁగా, 1943లో విమానములనుండి జర్మనీనగరములపై నది వెదఁజల్లఁబడెను. నేఁడు మ్యూనికు విశ్వవిద్యాలయము ముంగిట నా కరపత్రముల ప్రతిరూపములు నేలలోఁ బొదుగఁబడియున్నవి. నడుచువారి పాదములక్రిందఁ బడియున్న కాగితములవలె నవి కనఁబడును. 1982లో ఫెర్హోవెను, 2005లో రోటెముండు ఈ వృత్తాంతమును జిత్రములుగాఁ దీసిరి. రోటెముండు చిత్రము సోఫీ కడపటి దినములను విచారణపత్రముల నాధారముగఁ గొని చూపినది. అందుఁ గల్పన తక్కువ. కావుననే దాని బలము హెచ్చు.

7. ఉపసంహారము

వర్తమానమున గులాబి వ్యాపారవస్తువు. ఫిబ్రవరి 14వ తేదికై తెలుఁగువారును బెక్కుగ నివసించు హోసూరు ప్రాంతమునుండి 'తాజ్‌మహలు' అను నెఱ్ఱని రకపుఁ బూలు విదేశములకుఁ బోవుచున్నవి. గోదావరీతీరమున కడియము తోఁటలవారు గులాబిమొక్కల నూరూరునకుఁ బంపుచున్నారు. ఆ తోఁటలలోఁ జేతులకు ముండ్లు గ్రుచ్చుకొనఁగాఁ బనిచేయు స్త్రీలకుఁ గులాబి యనఁగా ననురాగము కాదు, దినకూలి. దీనిని దూషింపఁ బనిలేదు. విజయనగరపు టంగళ్లలోను బువ్వు లమ్ముడుపోయినవే. ఐతే పట్టికలో వ్రాసిన యర్థమును పువ్వుతోడఁ గొనవచ్చు ననుకొనుట మాత్రము భ్రమ. జవహర్‌లాల్ నెహ్రూగారు చొక్కాయిపై నెఱ్ఱగులాబిని ధరించిరి. ఆ పువ్వును నేఁడు బాలుర వేషధారణములలో నెవ్వరైనను ధరింపవచ్చును; దానితో సుమారు తొమ్మిదేండ్ల కారాగారవాసము మాత్రము రాదు.

ఈ విచారణమువలనఁ దేలిన యంశములు రెండు. మొదటిది: గులాబి సంకేతము మన ప్రాచీనసాహిత్యమునకు సహజము కాదు. అది పారసీకమునుండియు నైరోపానుండియు వచ్చి, మనము చిరకాలముగ ననుభవించుచున్న పన్నీటి పరిమళముపైఁ బొదుగఁబడినది. కావున బ్రబంధములందు గొజ్జఁగినీటిని జూచి బుల్బుల్ పిట్టను వెదకరాదు. రెండవది: సంకేతముల విలువ వాని ప్రాచీనతయందును లేదు, రంగునందును లేదు. ట్యూడరు గులాబికి రాజ్యబలము తోడుపడినది. అల్మా-తాదేమా గులాబికి వర్ణనైపుణ్యము తోడుపడినది. మ్యూనికు గులాబికిఁ దోడుపడినది ధరించినవారి ప్రాణము మాత్రమే. పుష్పము తానుగ నేమియుఁ జెప్పదు. దానిచేతఁ జెప్పింపఁగోరినవాఁ డెంత వెల చెల్లింపఁగలఁడో అంతయే దాని యర్థము.